పరాయి పెనం మీద కొండ అట్టు

తాక్ జొమ్రేకి అరవై ఎనిమిదేళ్లు. తన ఊరి సంత తప్ప ఇంకో సంత మొహం చూసిన మనిషి కాదు. జొంగ్సొన్ కొండల్లో రెండు, ఏడు అంకెలతో ముగిసే తేదీల్లో సంత జరుగుతుంది. ఆ రోజుల్లో తెల్లవారేసరికి ఆమె పెనం వేడెక్కి ఉండాలి. మిగతా రోజులన్నీ ఆ రోజుల కోసమే గడిచిపోతాయి. మేమిల్ గింజలు నానబెట్టాలి, రుబ్బాలి, వడగట్టాలి, క్యాబేజీ ఆకులు ఉప్పులో మగ్గబెట్టాలి. మేమిల్ అంటే ఆ కొండచేలల్లో పండే మూడు పలకల నల్లగింజ. వరి పండని చోట తాతముత్తాతలను బతికించిన గింజ. ఆ పిండితో జొమ్రే వేసే అట్టు తినడానికి ఇప్పుడు రాజధాని నుంచి రైళ్లెక్కి వస్తున్నారు.

ఆ ఏడు ఆకులు రాలే కాలంలో సంత రేకుల కప్పు మారుస్తామని చెప్పి వరసగా రెండు సంత రోజులు మూసేశారు. పక్క కొట్లో మొక్కజొన్న సేమ్యా వండే హామ్ చుంజా ఆ మాట వినగానే ఎగిరి గంతేసింది. జొమ్రే కంటే ఏడేళ్లు చిన్నది, నోరు మాత్రం ఏడింతలు పెద్దది.

"అక్కా, ముప్ఫై ఎనిమిదేళ్లకి ఒక సెలవొచ్చింది. ఇంట్లో కూర్చుని మోకాళ్లకి పట్టీలు వేసుకుంటావా, నాతో సియోల్ వస్తావా?"

"సియోల్లో ఏముందే?"

"బజారుంది. ఊరూరి తిండీ ఒక్కచోట పెట్టి అమ్మే బజారు. ఎవరెవరో టూరిస్టులొచ్చి మనల్ని ఫొటోలు తీసుకుపోతున్నారు కదా. ఒక్కరోజు మనమే టూరిస్టులవుదాం. మనమే ఫొటోలు తీద్దాం."

"సంత మానుకుని ఇంకో సంతకి పోతామా? నీకేమైనా మతిపోయిందా?"

"పోయింది. టికెట్లు కూడా తీసేశాను. రాకపోతే నీ సీట్లో నా సంచీ కూర్చోబెట్టుకుని పోతా. నీకంటే అదే నయం, వంకలు పెట్టదు."

అలా బయల్దేరింది జొమ్రే. పెళ్లిళ్లకి వేసుకునే ముదురాకుపచ్చ చొక్కా తొడుక్కుంది. రైల్లో నాలుగు గంటలూ చేతులు ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. చేయడానికి ఏ పనీ లేని ఆ చేతులు ఆమెకే ఎవరివో అనిపించాయి.

బజారు గేటు దాటగానే చుంజా "అమ్మో!" అంది. పొడవాటి కప్పు కింద కనుచూపు మేరా పొగ, ఆవిరి, నూనె వాసన. రెండు వైపులా కొట్లు, కొట్ల ముందు బెంచీలు, బెంచీల మీద భుజాలు ఒరుసుకుంటూ జనం. ఒకచోట తిరగలి గిర్రున తిరుగుతూ నానిన పెసలు రుబ్బుతోంది. ఇంకోచోట చేతికి రబ్బరు తొడుగు వేసుకున్నావిడ అన్నం చుట్టలు చుట్టి దొంతర పెడుతోంది. "రండి, కూర్చోండి, ఇక్కడ చోటుంది!" అని అన్ని వైపుల నుంచీ కేకలు. పది దేశాల మొహాలు, పది భాషల మాటలు. అందరి చేతుల్లోనూ సెల్‌ఫోన్లు.

చుంజా తనూ ఫోను తీసి కనబడినదల్లా ఫొటో తీయడం మొదలుపెట్టింది. జొమ్రే చూపు మాత్రం తిండి మీద లేదు, చేతుల మీద ఉంది. ఎవరు ఎలా తిప్పుతున్నారు, ఎవరు గరిటె ఎక్కడ ఆనిస్తున్నారు, ఎవరు పెనాన్ని మధ్యమధ్య తుడుస్తున్నారు, అదీ ఆమె చూస్తున్నది. మొదట కూర్చున్న కొట్లో చేప ముద్దల పులుసు తాగి లేస్తూ, పక్కవాళ్లు వదిలివెళ్లిన గిన్నెలు కూడా కలిపి దొంతర పెట్టి, బల్ల తుడవడానికి గుడ్డ కోసం వెతికింది.

"అక్కా! ఇక్కడ నువ్వు డబ్బిచ్చి తిన్నదానివి. గుడ్డ కింద పెట్టు, నా పరువు తీయకు" అంది చుంజా చెయ్యి పట్టి లాగుతూ.

ఇద్దరూ నవ్వుకుంటూ రెండో వరస తిరిగారు. అక్కడ చుంజా టక్కున ఆగిపోయింది.

"అదిగో చూడు!"

ఎర్ర బోర్డు మీద తెల్లక్షరాలు. 'అసలు సిసలు కొండ మేమిల్ అట్టు.' కింద వాళ్ల జిల్లా పేరు కూడా ఉంది.

జొమ్రే గుండె ఒక్కసారి పొంగింది. ఇంత పెద్ద బజారులో, ఇన్ని ఊళ్ల తిండ్ల మధ్య తమ కొండ పేరు. మారు మాట్లాడకుండా వెళ్లి బెంచీ చివర కూర్చుంది.

కొట్టు నడుపుతున్నావిడకి నలభై దాటి ఉంటాయి. పేరు యు హేరిమ్ అని ఆమె నడుముకి కట్టుకున్న గుడ్డ మీద కుట్టి ఉంది. చెమటతో జుట్టు నుదుటికి అంటుకుపోయింది. ఒక చేత్తో ఆర్డర్లు, ఇంకో చేత్తో అట్లు. గరిటెడు పిండి తీసి పెనం మీద ధబ్బున పోసింది. అది కదలలేదు. మందంగా, కంబళిలా అక్కడే పడుకుంది. పైన తరిగిన క్యాబేజీ చల్లి తిరగేసింది.

జొమ్రే ఒక ముక్క నోట్లో పెట్టుకుంది. నమిలింది. చాలాసేపు నమిలింది. సగానికి పైగా గోధుమపిండి.

"ఎలా ఉంది?" అని గుసగుసగా అడిగింది చుంజా, తనూ ఒక ముక్క తిని మొహం వికారంగా పెట్టి.

"తిను. మాట్లాడకు."

"దీన్నా మనం అట్టనేది? దీంతో మా ఇంటి చూరు కప్పుకోవచ్చు."

"తినమన్నానా? ఆవిడ పొద్దుట్నుంచీ నిలబడే ఉంది. కాళ్లు చూడు, ఒకదాని మీదనుంచి ఒకదాని మీదకి మార్చుకుంటోంది. ఇంకొకరి పెనం ముందు కూర్చుని నోరు పారేసుకోకూడదు."

అంతటితో లేచి వెళ్లిపోయేదే. కానీ అదే బెంచీ మీద ఒక తల్లీ కూతురూ కూర్చుని ఉన్నారు. వియత్నాం నుంచి వచ్చారు. తల్లికి ఇంచుమించు జొమ్రే వయసే. వాళ్ల వెంట చొక్కాకి చీటీ తగిలించుకున్న గైడు కుర్రవాడు ఉన్నాడు. తల్లి రెండు ముక్కలు తిని, మర్యాదగా నవ్వి, తినే పుల్లలు పళ్లెం పక్కన పెట్టేసింది. కూతురు ఆ మాత్రం కూడా తినలేదు.

హేరిమ్ అది చూసి చిన్నబోయింది. గైడు ఆమెని ఓదార్చబోయాడు.

"మీరేం అనుకోకండి. మీ తప్పేముంది? కొండవాళ్ల తిండే అంత. గతిలేని రోజుల్లో కడుపు నింపుకోవడానికి తిన్నది. రుచి ఎక్కణ్నుంచి వస్తుంది చెప్పండి?"

జొమ్రే చేతిలో పుల్లలు ఆగిపోయాయి.

గతిలేని మాట నిజమే. జొమ్రే అత్తగారు ఏడుగురు పిల్లల్ని ఈ గింజ మీదే పెంచింది. కానీ ఆ ముసలావిడ అట్టు వేస్తుంటే, ఉత్త ఉప్పునీళ్లతో తిన్నా సరే, చుట్టుపక్కల ఇళ్లవాళ్లు వాసన పట్టుకుని వచ్చేవాళ్లు. అలాంటి తిండికి రుచి లేదట. ఆ మాట ఇలా మొహం ముందు విని లేచిపోవడం ఆమె వల్ల కాలేదు.

"బాబూ, ఇప్పుడు మీ చుట్టాలు తిన్నది కొండ అట్టు కాదు" అంది.

గైడు తిరిగి చూశాడు. హేరిమ్ కూడా చూసింది. ఆమె మొహం కందగడ్డ అయింది.

"ఏంటి పెద్దమ్మా అంటున్నారు? బోర్డు కనబళ్లేదా?"

"బోర్డు కనబడే కూర్చున్నానమ్మా. పిండే కనబళ్లేదు."

చుంజా పక్కుమంది. జొమ్రే ఆమె తొడ మీద గిల్లింది, కానీ మాట అప్పటికే జారిపోయింది.

"తినడానికి వచ్చారా, వంకలు పెట్టడానికి వచ్చారా?" హేరిమ్ గరిటె పెనం మీద ఠక్కున కొట్టింది. "కూర్చుని చెప్పడానికి అందరూ వస్తారు. అంత చేతనైన వాళ్లయితే ఇటొచ్చి వేయండి, మేమూ చూస్తాం!"

బెంచీ మీదివాళ్లంతా తినడం ఆపారు. జొమ్రే లేచి నిలబడింది. లేచిన తర్వాత గొంతు తగ్గించి అడిగింది.

"కోపంతో అన్నావా అమ్మా, నిజంగానే రమ్మంటున్నావా? నా పెనం మీద ఇంతవరకూ పరాయి చెయ్యి పడనివ్వలేదు నేను. నీకు ఇష్టం లేకపోతే క్షమించమని చెప్పి నా దారిన పోతాను."

ఆ మాటకి హేరిమ్ కాస్త తెల్లబోయింది. ఎదుటి మనిషి వేళ్ల వంక చూసింది. కుడిచేతి బొటనవేలి పక్కన గరిటె కాడ ఒరిసి ఒరిసి గట్టిపడ్డ కాయ. చూపుడువేలి కొసన నునుపు తేలిన చర్మం. వేడి అట్టు అంచు పట్టి పట్టి అలా అవుతుంది. అది ఆమెకీ తెలుసు.

"రండి" అంది, పక్కకి జరుగుతూ.

జొమ్రే చొక్కా చేతులు మడిచి, సబ్బుతో మోచేతుల దాకా కడుక్కుంది. పిండి గిన్నె చూసి మూత పెట్టేసింది.

"ఉత్త మేమిల్ పిండి ఉందా?"

హేరిమ్ బల్ల కింద నుంచి సగం వాడిన సంచీ లాగింది. "ఉందండీ. కానీ ఉత్తదానితో వేస్తే తిరగేసేటప్పుడు చిరిగిపోతోంది. అందుకే గోధుమపిండి కలుపుతున్నా" అంది, గొంతు తగ్గించి.

"ఎవరు నేర్పారు?"

"ఎవరూ లేరు. బోర్డుతో సహా కొట్టు కొనుక్కున్నాను, రెండేళ్లయింది. అమ్మినావిడ ఒక్కపూట చూపించి వెళ్లిపోయింది."

జొమ్రే ఆ సంచీ అందుకుంది. చన్నీళ్లు కొంచెం కొంచెంగా పోస్తూ పిండి కలిపింది. ఒకే వైపుకి, ఆగకుండా. పలుచటి మజ్జిగలా అయ్యేదాకా. పక్క కొట్టు నుంచి ఉప్పులో మగ్గిన క్యాబేజీ ఆకులు అడిగి తెప్పించింది. ముల్లంగి ముక్క కోసి, దాన్ని నూనెలో ముంచి పెనం మొత్తం రుద్దింది. పిండి నానాలని కాసేపు ఆగమంది. ఆ కాసేపట్లో చుంజా బెంచీ ముందు నిలబడి ఊరుకోకుండా ఊరంతా చాటేసింది.

"మా అక్క! జొంగ్సొన్ సంతలో పెనం ముందు ముప్ఫై ఎనిమిదేళ్లు! కదలకండి, కదిలినవాళ్లు జన్మంతా ఏడుస్తారు!"

వియత్నాం తల్లి కూతురి చెయ్యి పట్టి ఆపి, కదలకుండా కూర్చుంది. ఆమె కళ్లు జొమ్రే చేతుల మీదే ఉన్నాయి.

మొదటి అట్టు వేసింది జొమ్రే. నిండు ఆకు పరిచి, పక్కన ఉల్లికాడ పెట్టి, సన్నటి ధారగా పిండి చుట్టూ పోసి గరిటె వీపుతో పరిచింది. అంచు లేచింది. పట్టి తిప్పింది.

అది మధ్యకి చిరిగి రెండు ముక్కలైంది.

బెంచీ మీద ఎవరో కిసుక్కున నవ్వారు. "అయ్యో" అన్నాడు గైడు, అందులో జాలి కొంచెమే ఉంది. చుంజా నోరు మూతపడింది. జొమ్రే చెవులు వేడెక్కాయి. ఊళ్లో ఆమెది బోర్లించిన ఇనప కాగు మూత, కింద కట్టెల మంట. ఇదేమో పలచటి రేకు, కింద గ్యాసు. ఈ పెనం భాష వేరు. వయసైన దాన్ని, పరాయి ఊళ్లో, పదిమందిలో ఏం పని పెట్టుకున్నాను అనిపించింది ఒక్క క్షణం.

చిరిగిన ముక్కలు తీసి తన పళ్లెంలో వేసుకుంది. మంట బాగా తగ్గించింది. పెనం మీదికి చెవి ఒగ్గి, నాలుగు చుక్కలు పిండి విదిల్చింది. చుయ్‌మంది. ఇంకా తగ్గించింది. మళ్లీ విదిల్చింది. ఈసారి చప్పుడు మెత్తగా, ఎవరో లోపలి గదిలో మాట్లాడుకుంటున్నట్టు వచ్చింది.

"ఆఁ, ఇదీ" అంది తనలో తనే.

రెండో ఆకు పరిచింది. ధార పోసింది. గరిటె వీపు ఆకు మీద నుంచి తేలికగా సాగింది. పిండి ఎంత పలుచగా పరుచుకుందంటే కింద ఆకు ఈనెలు ఒక్కొక్కటీ లెక్కపెట్టవచ్చు. అంచులు ఎండి, సన్నగా పైకి లేచేదాకా ఆమె కదల్లేదు. హేరిమ్ దగ్గరికి వంగింది. జొమ్రే రెండు వేళ్లతో అంచు పట్టుకుని, గరిటె కొస ఆసరా ఇచ్చి, ఒక్క ఊపున తిప్పింది.

నిండుగా తిరిగింది. బూడిదరంగు మీద అక్కడక్కడా గోధుమరంగు మచ్చలతో, లేత ఆకుపచ్చ చారతో, ఎక్కడా చెక్కుచెదరకుండా.

ఎవరూ మాట్లాడకముందే వియత్నాం తల్లి చప్పట్లు కొట్టింది. ఏదో గబగబా అంది, చేత్తో గాలిలో పెనం తిప్పి చూపించింది. గైడు తడబడుతూ చెప్పాడు.

"ఈవిడా వాళ్ల ఊళ్లో బియ్యప్పిండి అట్లు వేసి అమ్ముతారటండీ. రోడ్డు పక్కన, ఇరవై ఏళ్లుగా. మీరు మంట చప్పుడు వింటుంటేనే ఆవిడకి అర్థమైందట, మీరు వేయగలరని."

జొమ్రే అట్టుని నిలువుగా చీల్చి, వేడివేడిగా ఆ తల్లి చేతికే ఇచ్చింది. పుల్లలు వద్దు, చేత్తోనే తినమని సైగ చేసింది. ఆమె తిన్నది. కూతురు తిన్నది. కూతురు వేళ్లు నాక్కుంటూ ఇంకొకటి కావాలని చూపుడువేలు ఎత్తి చూపించింది.

గైడుకి కూడా ఒక ముక్క ఇచ్చింది జొమ్రే. "తిను బాబూ. గతిలేని తిండే. మా అత్త తొమ్మిది నోళ్లకి పెట్టిన తిండి."

అతను తిన్నాడు. మింగాక రెండు చేతులూ ముందు పెట్టుకుని నడుము వంచాడు. "తప్పు మాట అన్నాను పెద్దమ్మా. ఇంకెప్పుడూ అనను. ఎవరైనా అన్నా ఊరుకోను."

"అయితే ఇంకో ముక్క తిను" అంది జొమ్రే.

ఆ తర్వాత వరస వేళ్లతో లెక్కపెట్టలేనంత పెరిగింది. వెనకున్నవాళ్లు ముందున్నవాళ్ల భుజాల మీంచి తొంగిచూశారు. పది అట్లు వేశాక జొమ్రే గరిటె హేరిమ్ చేతిలో పెట్టింది.

"ఇప్పుడు నువ్వు."

"నా వల్ల కాదండీ, ఇంతమందిలో..."

"నాదీ ఇంతమందిలోనే చిరిగింది. చచ్చిపోయానా? పట్టుకో."

హేరిమ్ వేసింది. చిరిగింది. ఇంకొకటి వేసింది. అదీ చిరిగింది. "తొందర పడకు. అంచు లేచి నిన్ను పిలిచేదాకా ముట్టుకోకు" అంది జొమ్రే ఆమె మోచేతి కింద చెయ్యి ఆనించి. మూడోది సగం దాకా వచ్చి మడత పడింది. వరసలో వాళ్లు విసుక్కోలేదు. పైపెచ్చు "ఇంకొకటి! ఇంకొకటి!" అని అరవడం మొదలుపెట్టారు. చుంజా వాళ్లకి చేతులూపుతూ పాట పాడించినట్టు పాడించింది.

నాలుగోది నిలిచింది. కొంచెం వంకరే, ఒక పక్క మందమే, కానీ ఉత్త మేమిల్ అట్టు, నిండుగా తిరిగి పడింది. హేరిమ్ గరిటె పట్టుకున్న చేత్తోనే నోరు మూసుకుని, గిర్రున అటు తిరిగిపోయింది. భుజాలు అదురుతున్నాయి. జొమ్రేకి తన సొంత అట్టు తిరిగినప్పటికంటే ఎక్కువగా ఒళ్లు పొంగింది. "చూశారా, చూశారా?" అంది బెంచీ వైపు తిరిగి, ఆ అట్టు తన కూతురే వేసినట్టు.

బయల్దేరేటప్పుడు హేరిమ్ వాళ్ల చేతులు వదల్లేదు. "మీ సంత మళ్లీ ఎప్పుడు తెరుస్తారు పెద్దమ్మా? నేనూ వస్తాను. మీ సొంత పెనం మీద మీరు వేయడం చూడాలి."

"పన్నెండో తేదీకి తెరుస్తారు. పొద్దున్నే రా. ఖాళీ చేతులతో రావద్దు, నడుముకి గుడ్డ తెచ్చుకో. ఊరికే కూర్చోబెట్టి చూపించను" అంది జొమ్రే. తిన్నదానికి డబ్బులు వద్దంటే ఒప్పుకోలేదు. "నేను టూరిస్టునమ్మా" అని బల్ల మీద పెట్టి వచ్చేసింది.

మధ్యాహ్నం వాలుతుండగా ఇద్దరూ పెసర అట్ల వరసలో ఒక కొట్టు ముందు కూలబడ్డారు. చుంజా బియ్యం కల్లు తెప్పించింది. గిన్నె ఎత్తుతూ అంది:

"మొదటిది చిరిగినప్పుడు నీ మొహం ఫొటో తీశానక్కా. సంతలో అందరికీ చూపిస్తా."

"చూపించు. రెండోదాని ఫొటో ఉందా?"

"అది తీయడం మర్చిపోయా. నోరు తెరుచుకుని చూస్తూ ఉండిపోయా."

జొమ్రే నవ్వింది. ముందు పెట్టిన పెసర అట్టు ముక్క నోట్లో వేసుకుంది. అంచు కరకరలాడింది, లోపల మెత్తగా, వేడిగా విడిపోయింది. ఇంత బాగా వేయడం తన వల్ల కాదు. ఆ సంగతి నోట్లో ముక్క ఉండగానే తెలిసిపోయింది.

"చాలా బాగుందమ్మా. ఎన్నేళ్లుగా వేస్తున్నావు?" అని అడిగింది పెనం వెనకున్నావిడని.

"ముప్ఫై ఒకటో ఏడు నడుస్తోంది పెద్దమ్మా" అంది ఆమె, నూనెలో అట్టు జరుపుతూ. "మీరెక్కణ్నుంచి? ఏం చేస్తుంటారు?"

ఎవరైనా అలా అడిగితే జొమ్రే 'ఏదోలే, సంతలో పొట్టపోసుకుంటున్నాం' అని తల వంచుకుని మాట దాటేసేది. బస్సుల్లోనూ, ఆసుపత్రిలోనూ, కొడుకు పెళ్లిమాటలప్పుడు కూడా అలాగే అంది. ఇప్పుడు గిన్నె కింద పెట్టి, మూతి తుడుచుకుని, ఆమె కళ్లలోకి చూసింది.

"జొంగ్సొన్ నుంచమ్మా. మేమిల్ అట్లు వేస్తాను. ముప్ఫై ఎనిమిదేళ్లు."

పెనం వెనకున్నావిడ గరిటె పక్కన పెట్టి, తడిచేతులు నడుం గుడ్డకి తుడుచుకుని, తల వంచి నమస్కారం చేసింది. జొమ్రే కూడా కూర్చున్న చోటు నుంచి లేచి, అంతే నిండుగా తల వంచింది.